నలుగురూ ఏమనుకుంటారు?

కిందటి నెల మా ఇంటికి కరెంటు కంపెనీ నుంచి ఒక కవరు వచ్చింది. బిల్లేమో అనుకుని విప్పితే బిల్లు కాదు. లోపల ఒకే ఒక్క కాగితం, దాని మీద మూడు అడ్డపట్టీలు. మొదటిది మా ఇల్లు. రెండోది మా చుట్టుపక్కల మాలాంటి ఇళ్ళు ఓ నూరింటి సగటు. మూడోది ఆ నూరింట్లోనూ బాగా పొదుపుగా వాడుకునే వాళ్ళ సగటు. మూడిట్లో మా పట్టీయే పొడుగు. "మీ ఇరుగుపొరుగు కన్నా మీరు 18 శాతం ఎక్కువ కరెంటు వాడారు" అని కింద ఒక వాక్యం.

భూమి వేడెక్కుతోందని నేను ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాను. అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ చెబుతున్నాను కూడా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని ఆ రోజు చేశాను. గరాజ్‌లోకి వెళ్ళి, పండక్కీ పబ్బానికీ తప్ప అక్కర్లేని రెండో ఫ్రిజ్ ప్లగ్ పీకేశాను. మా ఆవిడ చూసి నవ్వింది. "ధ్రువాల్లో మంచు కరుగుతోందంటే మీరు కుర్చీలోంచి లేవలేదు. పక్కింటివాళ్ళు మనకన్నా తక్కువ వాడుతున్నారనగానే లేచారు" అంది.

ఆవిడ మాట ఒప్పుకోక తప్పలేదు. ఆ కాగితం ఎక్కడ పుట్టిందా అని ఆరా తీస్తే, దాని వెనక పెద్ద పరిశోధనే ఉందని తెలిసింది. అది జరిగింది కూడా మేముండే ఈ సాన్ డియాగో కౌంటీలోనే. ఈ నెల శీర్షికలో ఆ కథ చెబుతాను. అందులో నేను మా అమ్మకి చేసిన ఒక అన్యాయం కూడా ఉంది. అది కూడా చెప్పేస్తాను.

తలుపుకి తగిలించిన కాగితాలు

సాన్ డియాగోకి ఉత్తరాన సాన్ మార్కోస్ అనే ఊరుంది. అక్కడి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో వెస్లీ షుల్ట్జ్ అనే ఆచార్యుడు పర్యావరణం గురించి మనుషులు ఎలా ఆలోచిస్తారు, ఎలా ప్రవర్తిస్తారు అన్న విషయం మీద పనిచేశారు. ఆయనా, జెస్సికా నోలన్, అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ చాల్డీని, మరి కొందరూ కలిసి ఒక సామాన్యమైన ప్రశ్న వేసుకున్నారు. మనిషి చేత కరెంటు పొదుపు చేయించేది ఏమిటి?

ముందుగా 810 మంది కాలిఫోర్నియా వాళ్ళని అడిగారు. మీరు పొదుపు ఎందుకు చేస్తారండీ అంటే పర్యావరణం కోసమని, సమాజం కోసమని, డబ్బు మిగులుతుందని చెప్పారు. "ఇరుగుపొరుగు వాళ్ళు చేస్తున్నారు కాబట్టి" అన్న కారణాన్ని అన్నిటికన్నా అడుగున పెట్టారు. అయితే ఆ జవాబుల్నే లెక్కగట్టి చూస్తే తేలింది వేరు. ఎవరు ఎంత పొదుపు చేస్తున్నారన్న దానితో అన్నిటికన్నా గట్టిగా ముడిపడి ఉన్నది, పక్కవాళ్ళు పొదుపు చేస్తున్నారన్న నమ్మకమే.

ఆ తరవాత సాన్ మార్కోస్‌లో 271 ఇళ్ళ తలుపులకి కాగితాలు తగిలించారు. కొన్నిటి మీద పర్యావరణాన్ని కాపాడండి అని, కొన్నిటి మీద మీ బాధ్యత అని, కొన్నిటి మీద డబ్బు మిగులుతుంది అని, ఇంకొన్నిటి మీద మీ వీధిలో ఎక్కువమంది ఈ పని చేస్తున్నారు అని రాశారు. మిగిలిన వాటిలో వట్టి సమాచారం. కొన్నాళ్ళకి మీటర్లు చూస్తే, అందరికన్నా తక్కువ కరెంటు వాడింది "మీ వీధివాళ్ళు చేస్తున్నారు" అన్న కాగితం అందుకున్నవాళ్ళు. ఆ కాగితం మిమ్మల్ని మార్చిందా అని అడిగితే మాత్రం, అబ్బే, దానివల్ల పెద్దగా ఏమీ లేదన్నారట! ఈ వ్యాసం 2008లో అచ్చయింది. నలుగురి ప్రభావం మనమీద ఉండడం ఒక ఎత్తు, ఉన్నట్టు మనకే తెలియకపోవడం ఇంకో ఎత్తు.

రెండు రకాల "నలుగురు"

ఇదే బృందం ఇంకో ప్రయోగం కూడా చేసింది. దాన్ని 2007లో ప్రచురించారు. ఈసారి 290 ఇళ్ళు. ప్రతి ఇంటికీ మీరు ఇంత వాడారు, మీ వీధి సగటు ఇంత అని చేత్తో రాసి తలుపుకి తగిలించారు. సగటు కన్నా ఎక్కువ వాడుతున్నవాళ్ళు తగ్గించారు, బాగానే ఉంది. కానీ సగటు కన్నా తక్కువ వాడుతున్నవాళ్ళు పెంచేశారు! అయ్యో, అందరూ హాయిగా వాడుకుంటుంటే మేమెందుకు ఉక్కలో కూర్చోవాలి అనుకున్నారో ఏమో మరి. మంచికని చెప్పిన లెక్క మంచివాళ్ళని చెడగొట్టింది.

దీనికి వాళ్ళు కనిపెట్టిన విరుగుడు చాలా చిన్నది. కొన్ని ఇళ్ళకి లెక్కతో పాటు ఒక చిన్న బొమ్మ కూడా గీశారు. తక్కువ వాడితే నవ్వు మొహం, ఎక్కువ వాడితే ఏడుపు మొహం. నవ్వు మొహం అందుకున్నవాళ్ళు తమ పొదుపుని పెంచకపోయినా పోగొట్టుకోలేదు. అంతకు ముందు ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు.

చాల్డీని దీన్ని రెండు రకాల సామాజిక కట్టుబాట్లుగా విడదీస్తారు. ఆయన వాడే ఇంగ్లీషు పేర్లు నోరు తిరగవు గానీ, మన భాషలో వాటికి చక్కటి మాటలున్నాయి. ఒకటి "నలుగురూ ఏం చేస్తున్నారు?" రెండోది "నలుగురూ ఏమనుకుంటారు?" మొదటిది లెక్క, రెండోది మెప్పు లేదా తిట్టు. ఈ రెండూ ఒకే దిక్కుకి లాగితే మనిషి కదులుతాడు. చెరో దిక్కుకీ లాగితే బెడిసికొడుతుంది.

అలా బెడిసికొట్టిన ఉదాహరణ ఒకటి చాల్డీనియే చూపించారు. అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అని ఒక నేషనల్ పార్కుంది. కోట్ల ఏళ్ళ కింద రాయిగా మారిపోయిన చెట్ల ముక్కలు అక్కడ నేల మీద పడి ఉంటాయి. వచ్చినవాళ్ళు జేబులో వేసుకుని పోతుంటారు. "ఇంతకుముందు వచ్చిన ఎందరో ఇలా ఎత్తుకుపోయి అడవిని పాడుచేశారు" అని రాసిన బోర్డు పెడితే, దారిలో గుర్తుపెట్టి ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి. "దయచేసి ముక్కలు తియ్యకండి" అని మామూలుగా రాస్తే మాయమైనవి 2 శాతం లోపే. "అందరూ పాడుచేస్తున్నారు" అని మొత్తుకుంటే, చెవికి ఎక్కేది "అందరూ" అన్న మాటే. వాతావరణం గురించి మన పత్రికల్లో, ప్రసంగాల్లో రోజూ జరుగుతున్నది ఇదే కదా అని నాకు అనిపిస్తుంది.

వీధి నుంచి దేశానికి

తలుపుకి తగిలించిన ఈ కాగితమే తరవాత వ్యాపారమయింది. ఓపవర్ అనే కంపెనీ కరెంటు సంస్థల తరఫున ఇంటింటికీ ఇలాంటి రిపోర్టులు పంపడం మొదలుపెట్టింది. మొదట 2008లో శాక్రమెంటోలో 35,000 ఇళ్ళకి పంపారు. అక్కడ ఏడుపు మొహం చూసి కొందరు చిన్నబుచ్చుకుని ఫిర్యాదు చెయ్యడంతో ఆ బొమ్మ తీసేసి, నవ్వు మొహాలు మాత్రం ఉంచారు. 2016లో ఆ కంపెనీని ఒరాకిల్ కొనేసింది. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో ఎవరో ఒకరు ఈ పాటికి ఆ కోడ్ మీద చెయ్యి వేసే ఉంటారు.

ఇది నిజంగా పనిచేస్తుందా? హంట్ ఆల్కాట్ అనే ఆర్థికశాస్త్రవేత్త దేశంలో చాలాచోట్ల కలిపి ఆరు లక్షల ఇళ్ళ లెక్కలు తీసి 2011లో ఒక వ్యాసం రాశారు. కాగితం అందుకున్న ఇళ్ళని, అందుకోని ఇళ్ళని లాటరీ వేసినట్టు విడదీశారు కాబట్టి పోలిక గట్టిదే. సగటున 2 శాతం వాడకం తగ్గింది. ఇంతేనా అనకండి. కరెంటు ధర 11 నుంచి 20 శాతం పెంచితే కొద్దికాలంలో ఎంత తగ్గుతుందో, ఒక్క కాగితం అంత తగ్గించిందని ఆయన లెక్క. ధర పెంచుతామంటే ఏ రాజకీయ నాయకుడూ ముందుకు రాడు. కాగితం ముక్కకి అడ్డు చెప్పేవాడుండడు.

అయినా 2 శాతం అంటే 2 శాతమే. అమెరికాలో ఒక ఇల్లు సగటున నెలకి 900 యూనిట్ల దాకా వాడుతుంది. అందులో 2 శాతమంటే 18 యూనిట్లు. మా ఇంట్లో ఎలక్ట్రిక్ డ్రైయర్ ఒక వాయి బట్టలు ఆరబెట్టడానికి సుమారు మూడు యూనిట్లు తాగుతుంది. అంటే నెలకి ఆరు వాయిల బట్టలు ఎండలో ఆరేసుకుంటే సరిపోయే పొదుపన్నమాట.

సరే, బట్టల మాట వచ్చింది గనక ఇక అమ్మ సంగతి.

అమ్మ, దండెం

2012 వేసవిలో అమ్మ అమలాపురం దగ్గర మా ఊరి నుంచి మొదటిసారి ఇక్కడికి వచ్చింది. వచ్చిన మూడోరోజున వాషర్‌లోంచి తీసిన బట్టలు మా ఆవిడ డ్రైయర్‌లో వేస్తుంటే చూసి ఆశ్చర్యపోయింది. "ఇంత ఎండ పెట్టుకుని బట్టలకి కరెంటేమిట్రా?" అంది. నా దగ్గర సరైన జవాబు లేదు. మర్నాడు నేను ఆఫీసుకి వెళ్ళాక, తన చీరలు రెండూ మేడమీద వీధివైపు బాల్కనీ కటకటాలకి ఆరేసింది. ఆ తరవాత రోజూ అంతే.

వారం తిరక్కుండా మా హోమ్ ఓనర్స్ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. బయటికి కనిపించేలా బట్టలు ఆరెయ్యడం నిబంధనలకి విరుద్ధం, కాలనీ అందం చెడుతుంది, మళ్ళీ ఇలా జరిగితే జరిమానా అని. ఎవరో వీధిలోవాళ్ళే ఫోటో తీసి పంపినట్టున్నారు, ఉత్తరంతో పాటు దాన్ని కూడా జతచేశారు. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. చాలా చక్కగా పడింది ఫోటోలో.

నాకు తలకొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం అమ్మ మీద విసుక్కున్నాను. "ఇక్కడ అలా ఆరెయ్యకూడదమ్మా. నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాను. చిన్నప్పుడు నేను వీధిలో చొక్కా లేకుండా తిరిగితే అమ్మ నన్నన్న మాటే అది. అమ్మ కాసేపు నన్నలా చూసి, "ఎవర్రా ఆ నలుగురూ?" అంది. "ఇన్నాళ్ళయింది వచ్చి, ఒక్కరూ మన గుమ్మం తొక్కలేదు కదా" అంది. అత్తయ్యగారూ, మీరు లోపలికి రండి, నేను చూసుకుంటాను అని మా ఆవిడ సర్దిచెప్పింది. ఆ తరవాత అమ్మ ఉన్నన్నాళ్ళూ తన చీరలు స్నానాలగదిలో ఆరేసుకుంది. అవి రెండు రోజులకి గానీ ఆరేవి కావు. ముక్కవాసన వచ్చేవి.

సామాజిక కట్టుబాటు అంటే ఏమిటో నాకు పుస్తకాల్లో కన్నా ఆ వాసనలోనే ఎక్కువ తెలిసింది. నలుగురి భయం కరెంటు ఆదా చేయించగలదు. అదే నలుగురి భయం ఎండని వదిలేసి కరెంటు తగలేయించగలదు కూడా. దండెం కనబడితే పేదరికం కనబడినట్టు అన్న భావన ఇక్కడి కాలనీల్లో స్థిరపడిపోయింది. దాన్ని రాతపూర్వకంగా నిబంధనల్లో పెట్టేశాక, ఇష్టం ఉన్నవాళ్ళకి కూడా దారి లేకుండా పోయింది.

ఇలాంటిచోట కాగితాలూ నవ్వు మొహాలూ చాలవు, చట్టం కావాలి. కాలిఫోర్నియాలో 2015లో అలాంటి చట్టం చేశారు. 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. సొంత పెరట్లో దండెంగానీ, బట్టలు ఆరేసే స్టాండుగానీ పెట్టుకోవడాన్ని ఏ అసోసియేషనూ పూర్తిగా నిషేధించడానికి వీల్లేదు. ఫ్లోరిడా, కొలరాడో, వెర్మాంట్, మెయిన్, హవాయి, మేరీలాండ్ రాష్ట్రాల్లో కూడా ఈ తరహా చట్టాలున్నాయి. వీటికి "ఆరేసుకునే హక్కు" చట్టాలని ముద్దుపేరు. అన్నట్టు, మా చట్టంలో ఒక మెలిక ఉంది. బాల్కనీలు, కటకటాలు, గోడలు దండెం కిందికి రావని స్పష్టంగా రాశారు. అంటే అమ్మ ఆ పని ఇవాళ చేసినా తప్పే! పెరట్లో తాడు కట్టుకుంటే మాత్రం ఎవరూ ఏమీ అనలేరు.

సగటుని బట్టి మంచీ చెడ్డా?

ఇప్పుడు మళ్ళీ ఆ మూడు పట్టీల దగ్గరికి వెళదాం. వచ్చే నెల మా పట్టీ పొరుగువాళ్ళ పట్టీ కన్నా పొట్టిదయిందనుకోండి. నాకు నవ్వు మొహం వస్తుంది. అప్పుడు నేను మంచివాణ్ణయినట్టేనా?

మా ఇంట్లో వారానికి నాలుగు వాయిల బట్టలు. డ్రైయర్ ఒక్కదానికే ఏడాదికి ఆరువందల పైచిలుకు యూనిట్లు. ఊళ్ళో అమ్మ ఇంట్లో ఒక ఫ్రిజ్, టీవీ, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు. నెలకి 60 యూనిట్లు దాటితే మీటరు పాడయిందేమో అని లైన్‌మన్‌ని పిలుస్తుంది. అమ్మ పది నెలల పాటు ఇల్లంతా నడిపే కరెంటు మేము ఏడాదికి బట్టలు ఆరబెట్టడానికి వాడుతున్నాం. దేశాల లెక్క తీసినా ఇదే వరస. అమెరికాలో మనిషికి ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్, ఇండియాలో సుమారు 2 టన్నులు. నా నవ్వు మొహం, 14 టన్నుల వీధిలో పదమూడున్నర టన్నుల వాడికిచ్చిన మెడల్.

నీతిశాస్త్రం అడిగే ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. హెన్రీ షూ అనే తత్త్వవేత్త 1993లో ఒక వ్యాసంలో బతకడానికి తప్పనిసరైన ఉద్గారాలు వేరు, విలాసానికి చేసే ఉద్గారాలు వేరు, రెండిటినీ ఒక గాటన కట్టడం అన్యాయం అని వాదించారు. దానికి రెండేళ్ళ ముందే, 1991లో, ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నుంచి అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఇదే మాట ఇంకా ఘాటుగా అన్నారు. నీళ్ళు నిలవగట్టిన వరిమళ్ళ నుంచి మీథేన్ వాయువు వస్తుంది, అది నిజమే. అయితే పేద రైతు కడుపు నింపే ఆ పొలాన్ని, పెద్ద పెద్ద కార్ల పొగనీ ఒకే తక్కెడలో ఎలా తూస్తారు అన్నది వాళ్ళ ప్రశ్న. కోనసీమ వరిచేల మధ్య పెరిగి, ఇక్కడి ఫ్రీవేల మీద రోజూ నలభై మైళ్ళు కారు నడిపేవాడిగా, ఆ తక్కెడకి రెండువైపులా నేనే ఉన్నాను.

అందుకని నాకు అర్థమైనది ఇది. నలుగురితో పోలిక మనిషిని కదిలిస్తుంది, అందులో అనుమానం లేదు. ఏ దిక్కుకి కదలాలో మాత్రం అది చెప్పదు. ఎవరితో పోల్చుకోవాలి అన్నది లెక్కలు తేల్చే విషయం కాదు. అది న్యాయం తేల్చాల్సిన విషయం.

కాలువ కొన ఊళ్ళు

మరి ఎవరికి వాళ్ళు తమ వీధినే చూసుకుంటూ పోతే, అందరిదీ అయిన గాలినీ ఆకాశాన్నీ ఎవరు కాపాడాలి? 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త ఇది తీరని సమస్య అన్నట్టే రాశారు. ఉమ్మడి బీడులో ప్రతివాడూ ఇంకో ఆవుని తోలతాడు, చివరికి బీడు నాశనమవుతుంది అన్నారు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ ఊరూరా తిరిగి, అలా జరగని చోట్లు కూడా బోలెడున్నాయని చూపించారు. ఆ పనికే 2009లో నోబెల్ అందుకున్నారు. అర్థశాస్త్రంలో ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆవిడే.

ఈ కథలో మన కర్నూలు జిల్లాకి కూడా చోటుంది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు అక్కడి కాలువ కింది ఊళ్ళని పట్టిపట్టి చూసి 1988లో ఒక పుస్తకం రాశారు. కాలువ మొదట్లో ఉండి నీళ్ళు పుష్కలంగా వచ్చే ఊళ్ళు ఏ కట్టుబాటూ పెట్టుకోలేదు. కాలువ కొన దగ్గర, నీళ్ళు వస్తాయో రావో తెలియని ఊళ్ళు మాత్రం ఒక్కతాటి మీదికి వచ్చాయి. ఊరుమ్మడి డబ్బుతో నీళ్ళు పంచడానికి మనుషుల్ని పెట్టుకున్నాయి, పశువులు చేలో పడకుండా కాపలా పెట్టుకున్నాయి. మన పల్లెల్లో నీరుకట్టు పని తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు అన్నది అందరి ఎదుటా తేలుతుంది. దొంగతనంగా గండి కొట్టినవాడి సంగతి మర్నాటికి ఊరంతా తెలుస్తుంది.

ప్రపంచం మొత్తానికి అలాంటి రచ్చబండ లేదు. 2015 పారిస్ ఒప్పందం దాదాపు అలాంటిదాన్నే కట్టాలని చూసింది. ఎవరి లక్ష్యం వాళ్ళే రాసుకోవాలి, అందరి ముందూ లెక్క చెప్పాలి. తప్పినవాళ్ళకి జరిమానా లేదు. అంటే దేశాల మధ్య కూడా "నలుగురూ ఏమనుకుంటారు?" అన్న జంకే ఆధారం. జంకు లేనివాణ్ణి అది ఆపలేదు. అమెరికా 2020లో బయటికి వెళ్ళి, 2021లో తిరిగి వచ్చి, 2025 జనవరిలో మళ్ళీ వెళ్ళిపోతున్నట్టు ప్రకటించింది. కర్నూలు కథలోని తిరకాసు కూడా ఇక్కడే ఉంది. కాలువ మొదట్లో ఉన్నవాడికి కరువు కనపడదు. వాతావరణం విషయంలో కాలువ మొదట్లో ఉన్నది మనం, కొన దగ్గర ఉన్నది సముద్రం పక్కన మట్టిగోడల ఇళ్ళలో ఉన్నవాళ్ళు.

ఆస్ట్రమ్ మాత్రం నిరాశపడలేదు. ప్రపంచ ఒప్పందం కుదిరేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు, వీధి, ఊరు, రాష్ట్రం, దేశం ఎక్కడికక్కడ పని మొదలుపెట్టాలి అని 2009లో రాశారు. ఆస్లోలోని ఆర్థికశాస్త్రవేత్త కారీనే న్యూబోర్గ్ కూడా, చట్టమూ కట్టుబాటూ ఒకదాన్నొకటి నిలబెట్టగలవని వివరిస్తారు. నార్వే 2004లో రెస్టారెంట్లలో పొగతాగడం నిషేధించింది. ఇలాంటి మార్పు వచ్చిన చోటల్లా, చట్టం అడుగుపెట్టని సొంత ఇళ్ళలో కూడా అతిథులు సిగరెట్టు పట్టుకుని బయటికి నడవడం మర్యాదయింది. మన కళ్ళముందు జరిగిన మార్పే కదా ఇది.

ఎవర్రా ఆ నలుగురూ?

2018లో అమ్మ రెండోసారి వచ్చింది. అప్పటికి నేను పెరట్లో రెండు స్తంభాలు పాతించి, నైలాన్ తాడు కట్టి ఉంచాను. అమ్మ బట్టలు బకెట్లో పెట్టుకుని పెరటి తలుపు దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగి, "నాన్నా, ఇక్కడ ఆరెయ్యచ్చా?" అని అడిగింది. ఊళ్ళో నలుగురికీ సలహాలు చెప్పే మనిషి, కొడుకు ఇంట్లో, ఎండలో, తన చీర ఆరేసుకోవడానికి పర్మిషన్ అడిగింది. ఆరేళ్ళ కిందటి నా విసుగు ఆవిడ మనసులో అలాగే ఉండిపోయింది. చట్టం మారినంత తేలిగ్గా అది మారలేదు.

వారం తరవాత కంచె అవతలి నుంచి పక్కింటి పెద్దావిడ పలకరించింది. డెబ్భై దాటిన అమెరికన్ ఆవిడ. నేను క్షమాపణ చెప్పడానికి సిద్ధపడుతుంటే, ఆ చీరల రంగులు భలే ఉన్నాయంది. వాళ్ళ అమ్మ కూడా ఇలాగే ఆరేసేదట. "నాకూ ఎప్పట్నించో ఇష్టమే. మీరందరూ ఏమనుకుంటారో అని ఊరుకున్నాను" అంది.

మీరందరూ! అంటే ఆవిడ భయపడిన నలుగురిలో నేనొకణ్ణి. నేను భయపడిన నలుగురిలో ఆవిడ ఒకతె. ఆరేళ్ళ పాటు కంచెకి ఇటొకరం అటొకరం ఒకరికొకరం జడిసి, ఇద్దరమూ డ్రైయర్లు తిప్పుకున్నాం.

ఇది మా రెండిళ్ళ ముచ్చటే కాదని తరవాత తెలిసింది. 2022లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం ప్రకారం, వాతావరణానికి మేలుచేసే ముఖ్యమైన విధానాలని సమర్థించేవాళ్ళు 66 నుంచి 80 శాతం. ఎంతమంది సమర్థిస్తారనుకుంటున్నారు అని జనాన్ని అడిగితే 37 నుంచి 43 శాతం అన్నారు. 2024లో 125 దేశాల్లో దాదాపు లక్షా ముప్ఫై వేలమందిని అడిగిన ఇంకో అధ్యయనం వచ్చింది. తమ ఆదాయంలో ఒక శాతం ఇందుకోసం ఇస్తామన్నవాళ్ళు 69 శాతం. పక్కవాళ్ళు ఎంతమంది ఇస్తారనుకుంటున్నారంటే, 43 శాతం అని వాళ్ళ అంచనా. నలుగురిలో ఇద్దరు ముగ్గురు సిద్ధంగానే ఉన్నారు. నేనొక్కణ్ణేనేమో అని ఎవరికి వాళ్ళు నోరు మూసుకుని కూర్చున్నారు. నాయకులు చూసేది ఆ మౌనాన్నే.

అందుకని ఈసారి పాఠకులకి ఒక చిన్న మనవి. మీ అసోసియేషన్ నిబంధనలు ఒకసారి తీసి చదవండి. మీ రాష్ట్రం చట్టం ఏమంటోందో చూడండి. వీలుంటే పెరట్లో ఒక తాడు కట్టండి. దానివల్ల మిగిలే కరెంటు కొంచెమే, నాకు తెలుసు. కానీ తాడు మీద చీర అవతలివాళ్ళకి కనిపిస్తుంది, గరాజ్‌లో పీకేసిన ప్లగ్ కనిపించదు. ఊరికి డబ్బు పంపినప్పుడు, పిల్లలతో మాట్లాడినప్పుడు, ఓటు వేసేటప్పుడు కూడా మీరు ఇందుకు సిద్ధమని పైకి అనండి. మీ పక్కవాడు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాడేమో.

మొన్న అమ్మతో ఫోన్లో ఈ పట్టీల కాగితం గురించి చెప్పాను. అంతా విని, "అయితే ఆ పక్కింటావిడ ఇప్పుడు బట్టలు ఎండలోనే ఆరేస్తోందా?" అని అడిగింది. ఆరేస్తోందమ్మా, రెండు తాళ్ళు కట్టింది అన్నాను. "మరి నువ్వు?" అంది.

ఫోన్ పెట్టేసి డ్రైయర్‌లోంచి బట్టలు బయటికి తీశాను. ఇంకా తడిగానే ఉన్నాయి. బయట ఎండ బాగానే ఉంది.